మూడేండ్ల గడువు

ఉడికిన బీరకాయ ముక్కల్లోంచి నీళ్లు వంపేసి, ఈశ్వరి మళ్ళీ కొత్త నీళ్లు పోసి పొయ్యి మీదికెక్కించింది. కూరగాయ ఏదైనా సరే రెండుసార్లు ఉడికించి, ఆ నీళ్లు పారబోశాకే గంగాధర్‌కు పెట్టాలి. ఉప్పు పేరుకు మాత్రమే. తాగడానికి రోజు మొత్తానికి ఒక లీటరు నీళ్లు. పొద్దున్నే ఆ లీటరును సీసాలో కొలిచి అతని మంచం పక్కన పెట్టేది. ఏప్రిల్ నెల గార్లదిన్నె ఎండకు ఆ సీసా ఏ మూలకు? అయినా గంగాధర్ ఒక్కొక్క గుక్కే తాగి మూత బిగించేవాడు.

నలభై ఆరేళ్ళ గంగాధర్‌కు హైవే పక్కన మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఏ బోరు మోటారు కాలిపోయినా అతని దగ్గరికే మోసుకొచ్చేవారు. ఐదు నెలల కిందట ఆ దుకాణంలోనే రాగితీగ చుడుతూ కూలబడిపోయాడు. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదన్నారు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు అనంతపురం పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. తల్లి ఆంజినమ్మ కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది. వచ్చే నెల బెంగళూరులో ఆపరేషన్. అంతా ఆరోగ్య బీమా మీదే. దుకాణం లోను కోసం ఆదాయపన్ను కట్టడం మొదలుపెట్టినప్పుడే వాళ్ళ తెల్లకార్డు, దాంతోపాటు సర్కారు ఉచిత వైద్యం పోయాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకు గంగాధర్ ఈ పాలసీ తీసుకున్నాడు. అప్పట్లో ఈశ్వరి "మనకేంటికి ఇదంతా?" అని గొణిగింది. ఇప్పుడు దేవుడి పటానికి దండం పెట్టుకున్నాక, ఆ పాలసీ కాగితాలున్న బీరువాకు కూడా మనసులో ఒక దండం పెట్టుకుంటోంది.

వసారాలో ఆంజినమ్మ పక్కింటి మారెక్కతో మాట్లాడుతోంది. ఆపరేషన్ సంగతి ఆమె ఎవరికైనా చెప్పకుండా వదిలిపెట్టేది కాదు.

"పాలిచ్చి పెంచినదాన్ని మారెక్కా. కడుపులోది ఒకటి ఇయ్యలేనా? నాకు రెండుండాయి కదా."

"భయం కాలేదా వదినా?"

"భయమేంటికి? అరవై నాలుగేండ్లొచ్చె. నాది వాడి కడుపులో ఉంటే, నేను సచ్చినా వాడితో పాటే తిరగతాంటా."

పరీక్షల సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మనవరాలు జయంతి పుస్తకంలోంచి తలెత్తి నవ్వింది. "ముందు నువ్వు ఆ వక్కాకు మానెయ్యి జేజీ. డాక్టర్లు చెప్పినారా లేదా?"

మంచం మీద పడుకున్న గంగాధర్ కూడా కొంచెం నవ్వాడు. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి నవ్వడం చాలా రోజుల తర్వాత అదే.

అప్పుడే వాకిట్లో బైకు ఆగింది. పాలసీ చేయించిన తిప్పేష్ దిగాడు. గంగాధర్‌కు చిన్నప్పటి స్నేహితుడు. ఎప్పుడొచ్చినా వీధిలోంచే "వదినా, కాఫీ!" అని కేకేసుకుంటూ వచ్చే మనిషి, ఈసారి చెప్పులు విప్పి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఏమప్పా, అట్ల నిలబడితివి? లోపలికి రా," అంది ఆంజినమ్మ.

"డయాలసిస్ సెంటరు వాళ్ళు ఫోన్ చేసినారా అన్నా?" అని అడిగాడు తిప్పేష్ గంగాధర్‌ను.

"లేదే."

"చేస్తారు. ఇన్సూరెన్స్ కార్డు పనిచేయదంట." జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. "కంపెనీ నుంచి లెటర్ వచ్చినాది. నీ మెయిల్‌కు కూడా పంపించింటారు. పాపా, నువ్వు సదువు."

జయంతి కాగితం తీసుకుంది. ఇంగ్లీషులో రెండు పేజీలు. చదువుతూ పోయేకొద్దీ ఆమె పెదాలు కదలడం ఆగిపోయింది.

"ఏముండాదే దాంట్లో?" అంది ఆంజినమ్మ.

"నాయన పాలసీ తీసుకోకముందే జబ్బుకు డాక్టర్ దగ్గర చూపించుకున్నాడంట. ఆ సంగతి ఫారంలో దాచిపెట్టినాడంట. అందుకని పాలసీ రద్దు చేసినారు. ఆపరేషనుకు ఇయ్యరంట. డయాలసిస్‌కు కూడా ఇంక ఇయ్యరంట."

"జబ్బేమి? ఎప్పుడు చూపించుకున్నాడు?"

"నాలుగేండ్ల కింద, అనంతపురంలో. ఆ డాక్టర్ దగ్గర రికార్డు దొరికిందంట." జయంతి రెండో పేజీ తిప్పింది. ఆగింది. మళ్ళీ చదివింది. "విచారణకు ఇంటికి వచ్చినప్పుడు... పేషెంట్ భార్య చెప్పిందని రాసినారు."

అందరూ ఈశ్వరి వైపు తిరిగారు.

ఈశ్వరి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమెకు ఆ మనిషి గుర్తొచ్చాడు. మూడు వారాల కిందట, గంగాధర్‌ను తీసుకుని జయంతి డయాలసిస్‌కు పోయిన రోజు, భుజానికి బ్యాగు తగిలించుకుని వచ్చాడు. కొడుకు వయసువాడు. ఆపరేషన్ కాగితాల కోసం వచ్చామమ్మా అన్నాడు. ఎండన పడి వచ్చాడని మజ్జిగ ఇచ్చింది. మెల్లగా, మర్యాదగా ఒక్కొక్కటే అడిగాడు. ఇంతకుముందు ఎప్పుడైనా సుస్తీ చేసిందా అన్నాడు. పెద్దగా ఏమీ లేదు, నాలుగేండ్ల కింద ఒకసారి తలనొప్పి అంటే అనంతపురంలో చూపించుకున్నాడు, బీపీ అన్నారంట, ఒక నెల మాత్రలు మింగి మానేసినాడు అని చెప్పింది. ఏ డాక్టరో కూడా చెప్పింది. ఉన్నదున్నట్టు చెబితే వైద్యం బాగా చేస్తారనుకుంది. వాడు పోతూ పోతూ నమస్కారం కూడా పెట్టాడు.

"నేను... ఆసుపత్రి వాళ్ళనుకొంటి," అంది.

"అనుకొంటివా?" ఆంజినమ్మ లేచింది. "ముక్కూ మొగం తెలియనోడు వచ్చి అడిగితే ఇంట్లో సంగతులన్నీ చెప్తావా? బీపీ మాత్ర ఊర్లో ఎవరు మింగరు? అదొక జబ్బా? నువ్వు నోరు మూసుకొని ఉంటే నా కొడుకు బతికేవాడే!"

"అత్తా, నాకు తెలియదు..."

"తెలియకుంటే అత్తను పిలవల్ల. కూతురుకు ఫోన్ చేయల్ల. మజ్జిగ కూడా పోసినావు కదే వానికి!"

తిప్పేష్ తలవంచుకున్నాడు. "అప్పీలు పెట్టుకోవచ్చు. ఆ డాక్టరు, అది చిన్న బీపీనే, కిడ్నీలకు సంబంధం లేదని కాగితం రాసిస్తే ఏమన్నా ఆశ ఉంటాది." చెప్పులేసుకుని బైకెక్కి వెళ్ళిపోయాడు.

ఈశ్వరి కూతురి వైపు చూసింది. జయంతి కళ్ళనిండా నీళ్ళు. "ఏంటికి చెప్పినావమ్మా?" అంది. గట్టిగా కూడా అనలేదు. అత్త అరిచినంతసేపూ నిలబడగలిగిన ఈశ్వరి, ఆ మాటకు గోడకు చేరగిలబడి కూర్చుంది.

గంగాధర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

*

ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మొదటి డయాలసిస్‌కు చేతిలో ఉన్న డబ్బు సరిపోయింది. రెండోదానికి పోలేదు. అది తప్పిన మూడో రోజుకే గంగాధర్ ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడక, దిండ్లు ఆనించుకుని కూర్చునే ఉండేవాడు. సర్కారు ఆసుపత్రిలో డయాలసిస్ చేస్తారు కానీ ఖాళీ దొరకాలన్నారు. జయంతి రోజూ పోయి పేరు ఎక్కడిదాకా వచ్చిందో అడిగి వచ్చేది. బెంగళూరు ఆసుపత్రి వాళ్ళు ఆపరేషన్ తేదీ తీసేశామని ఫోన్‌లో చెప్పేశారు.

ఆంజినమ్మ కోడలు వండింది ముట్టడం మానేసింది. వచ్చినవాళ్ళకల్లా, "మా కోడలి నోరు మంచిదమ్మా. ఆ నోటితోనే మొగుడి ప్రాణం తీసుకునింది," అని చెప్పేది. ఈశ్వరి వినపడనట్టు లోపల పని చేసుకునేది.

"మీ మామ ఆరెకరాలు మింగి పోయినాడు," అనేది మధ్యలో. ఆ మాట ఈ ఇంట్లో కొత్తది కాదు. గంగాధర్ తండ్రి గురప్ప పద్దెనిమిదేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆ రెండేళ్ళ వైద్యానికి ఉన్న ఆరెకరాలూ అమ్ముడైపోయాయి. అప్పటినుంచి అన్నం కలిపేటప్పుడు, బియ్యం కొనేటప్పుడు, పక్కవాళ్ళ చేలో వేరుశనగ పీకేటప్పుడు ఆంజినమ్మ నోటి నుంచి ఆ మాట దొర్లుతూనే ఉండేది. "భూమి పోయి, ఉండేది ఈ నాలుగు గోడలు. ఇవి అమ్మినా నా కొడుకు ఆపరేషనుకు పావు వంతు కూడా రాదు."

ఆ వారం చివర ఒక పొద్దున్నే ఈశ్వరి చీర మార్చుకుని, కంపెనీ కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"యాడికి?" అంది ఆంజినమ్మ.

"ఆ డాక్టరు దగ్గరికి. తిప్పేష్ చెప్పిన కాగితం రాయించుకొస్తా. నేను చెడగొట్టింది నేనే సరిచేస్తా అత్తా."

గోడవైపు తిరిగి ఉన్న గంగాధర్ గబుక్కున ఇటు తిరిగాడు. "వద్దులే ఈశ్వరీ. ఆయన రాయడు. ఊరికే ఏంటికి పోవడం?"

"అడిగి చూస్తే పోయేదేముండాది?"

"వద్దంటాండా కదా!"

అంత నీరసంలోనూ అతను అలా అరవడం ఈశ్వరికి వింతగా అనిపించింది. తన మీద కోపమనుకుంది. సంచి తీసుకుని పోయి బస్సెక్కింది.

*

ఆ డాక్టరు పెద్దాయన. ఈశ్వరి చెప్పిందంతా విని, పేరు, సంవత్సరం అడిగి, కంప్యూటర్‌లో వెతికాడు. దొరికాక కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశాడు.

"గంగాధర్. మోటార్ల మెకానిక్ కదా? బతికే ఉన్నాడా?"

ఈశ్వరి తలూపింది.

"చూడమ్మా, నువ్వు అడిగిన కాగితం నేను ఇవ్వలేను. అది చిన్న బీపీ కాదు. అప్పటికే రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి. పూర్తిగా కాదు, సగం దాకా. ఆ సంగతి ఆయనకు వివరంగా చెప్పాను. క్రమం తప్పకుండా మందులు వాడితే పదేళ్ళు, పదిహేనేళ్ళు కూడా లాగొచ్చు అన్నాను."

"చెప్పినారా సార్? ఆయప్పకు చెప్పినారా?"

"చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు. ఒక మూడేండ్లు ఏ మందూ వాడకుండా ఉంటే తట్టుకుంటుందా సార్ అని. ఎందుకయ్యా మూడేళ్ళు అంటే చెప్పలేదు. నా పేరు ఎక్కడా రాయొద్దు సార్ అని బతిమాలాడు. పేరు రాయకుండా వైద్యం ఎలా చేస్తాను? తర్వాత ఏడాదికి మళ్ళీ వచ్చాడు. అప్పటికి ఇంకా పాడయ్యాయి. కోప్పడ్డాను. ఇంట్లోవాళ్ళను తీసుకురా, వాళ్ళతో మాట్లాడతాను అన్నాను."

డాక్టరు కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కనిపించాడు.

"నాకెవరూ లేరు సార్, అన్నాడు. నిజమేననుకున్నాను. నువ్వు ఆయన భార్యనని చెబితే ఇందాక నమ్మలేకపోయాను."

ఈశ్వరి ఎలా లేచిందో, ఎలా బస్టాండుకు వచ్చిందో ఆమెకే తెలియదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బయట దున్ని వదిలేసిన ఎర్రచేలు ఎండలో కాలుతూ వెనక్కి పోతున్నాయి. మూడేండ్లు. పాలసీ తీసుకున్నప్పుడు తిప్పేష్ చెప్పిన మాట ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. పాత జబ్బులేమన్నా ఉంటే మూడేండ్ల దాకా ఇయ్యరు వదినా, ఆ గడువు దాటితే అన్నీ ఇస్తారు అన్నాడు. ఆమె సగం వినీ వినకుండా కాఫీ కలుపుతోంది. గంగాధర్ మాత్రం, "మూడేండ్లేనా? కరెక్టుగా మూడేండ్లేనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆ మూడేండ్లూ ఆమె కళ్ళ ముందే గడిచాయి. ఉన్నట్టుండి మాంసం మానేశాడు, పడడంలేదన్నాడు. ఊరగాయ వద్దన్నాడు. మధ్యాహ్నాలు దుకాణం మూసి వచ్చి పడుకునేవాడు. సాయంత్రానికి కాళ్ళు వాచేవి. ఆమె కాళ్ళు పిసికితే వేలు పెట్టినచోట గుంట పడి చాలాసేపటికి గానీ పూడేది కాదు. "దినమంతా నిలబడి పని చేస్తే ఇంతేలే," అనేవాడు. ఆమె నమ్మేది. మళ్ళీ పిసికేది. మంచి మాత్రలుండగా మింగకుండా, తన ఒళ్ళు తానే పాడైపోతుంటే చూసుకుంటూ, రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు ఈ మనిషి. గడువు దాటిన రెండో నెలలోనే దుకాణంలో పడిపోయాడు.

కోపం వచ్చింది ఆమెకు. వారం రోజులుగా తనను నానా మాటలూ అంటుంటే గోడవైపు తిరిగి పడుకున్న ఆ వీపు గుర్తొచ్చింది. తర్వాత ఆ కోపం కూడా నిలవలేదు. నాకెవరూ లేరు సార్. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్క సీట్లో కూర్చున్నామె చూస్తున్నా ఆపుకోలేక ఏడ్చింది.

*

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. గంగాధర్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఆయాసపడుతున్నాడు. జయంతి విసురుతోంది. ఆంజినమ్మ గడప దగ్గరే అడ్డుపడింది.

"తెచ్చినావా కాగితం?"

"ఇయ్యలేదత్తా."

"ఇయ్యలేదా? సరిగ్గా అడిగినావా, ఆడ కూడా ఏదన్నా వాగినావా?"

ఈశ్వరి సంచి కింద పెట్టి, గంగాధర్ ముఖంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"చూడే, చూడు. కండ్లారా చూడు నువ్వు చేసింది! ఇరవై రెండేండ్లు సంసారం చేసినావు. ఒక్క మాట కడుపులో పెట్టుకోలేకపోయినావు. నా కొడుకు కడుపులో నా ప్రాణం పెట్టుకొని బతుకుతాడనుకొంటి. నువ్వు నోటితో చంపేస్తివి వాన్ని. నీ మొగం చూస్తే నాకు కడుపు మండిపోతాండాది. పో, మీ పుట్టింటికి పో. వాడు పోయేది చూడను కూడా నువ్వు ఉండబాక!"

"జేజీ, చాలు!" అంది జయంతి.

ఒక్క మాట చెబితే ఈశ్వరి బయటపడేది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె చెప్పలేదు. మంచం దగ్గరికి నడిచి, అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆ డాక్టరు నిన్ను అడిగినాడు," అంది మెల్లగా. "బాగున్నాడా అని. నన్ను చూసి ఆశ్చర్యపోయినాడు. ఇంట్లో ఎవరూ లేరన్నావంట కదా."

గంగాధర్ కళ్ళు మూసుకున్నాడు.

"ఏమంటాండాది ఇది?" అంది ఆంజినమ్మ.

"అమ్మా," అన్నాడు గంగాధర్. "దాన్ని తిట్టొద్దు. నేనే చేసినా ఇదంతా."

"నువ్వేం చేసినావురా?"

"నాకు నాలుగేండ్ల కిందే తెలుసు. కిడ్నీలు పోతాండాయని డాక్టరు చెప్పినాడు. ఎవరికీ చెప్పలా. పాలసీ తీసుకున్నా. తిప్పేష్‌కు కూడా చెప్పలా. మూడేండ్లు ఓర్చుకుంటే అన్నీ వాళ్ళే ఇస్తారు కదా అనుకొంటి. మందు చీటీ దొరికితే పట్టేస్తారని మందులు కూడా మానేస్తి." ప్రతి మాటకూ ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. "మొన్న తిప్పేష్‌కు ఫోన్ చేసి అడిగినా. జబ్బు ఉండాదని ఫారంలో రాసింటే, పాలసీ ఇచ్చింటే, మూడేండ్ల తర్వాత ఇచ్చేవాళ్ళే అంట. ఆ గడువు రాసినోళ్ళకంట. దాచినోళ్ళకు కాదంట."

జయంతి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"మందులు మింగింటే పదేండ్లు నిలబడేవి అన్నాడు డాక్టరు," అంది ఈశ్వరి. "పదేండ్లు! నాకు చెప్పింటే నీ కాళ్ళ మీద పడైనా మింగించేదాన్ని కదా? నేను నీకు ఎవరూ కానా? ఈ వారం దినాలూ నన్ను కుక్కను తరిమినట్టు తరుముతాంటే, గోడ పక్కకు తిరుక్కొని వింటాంటివి కదా. ఎట్ల వింటివి?"

"భయమయింది."

"ఎవరంటే భయం?"

గంగాధర్ తల్లి వైపు చూశాడు.

"అట్ల ఏంటికి చేస్తివిరా?" ఆంజినమ్మ గొంతు పీలగా వచ్చింది. "ఈ ఇల్లు అమ్మేదాన్ని కదా. నేను అడుక్కొని వచ్చైనా..."

"అందుకే చెప్పలా." గంగాధర్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. "నాయన పోయి పద్దెనిమిదేండ్లాయె. అన్నంలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆరెకరాలు మింగి పోయినాడు అంటావు. నాయన ఎట్ల నవ్వేవాడో జయంతికి తెలియదు. తాత ఆరెకరాలు మింగినాడని మాత్రం తెలుసు. నేను పోయినాంక నా బిడ్డ ముందర నన్ను గురించి ఎవరూ అట్ల అనకూడదనుకొంటినమ్మా. అంతే. ఇంకేం లేదు."

ఆంజినమ్మ నిలబడినచోటే నిలబడిపోయింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పెరట్లోకి పోయి, స్నానాల గది గోడ నీడన కూలబడింది. సాయంత్రం దాకా లోపలికి రాలేదు. జయంతి రెండుసార్లు పిలిచినా పలకలేదు.

పొద్దు వాలుతుండగా ఈశ్వరి పళ్ళెంలో అన్నం పెట్టుకుని పోయింది. ఆంజినమ్మ పళ్ళెం అందుకుంది కానీ కలపలేదు.

"మీ మామ ఆ భూమి అమ్మొద్దన్నాడే ఈశ్వరీ," అంది. "నా కాళ్ళు పట్టుకున్నాడు. నేను ఎట్లా బతకను, వానికి ఉండనియ్యి అన్నాడు. నేనే ఇనలేదు. నేనే వేలిముద్రలు వేయించి అమ్మించినా. ఎకరా అమ్మితే ఇంకొక నెల ఉంటాడేమో, ఇంకొక ఎకరా అమ్మితే లేచి తిరుగుతాడేమో అని. ఆరెకరాలు పోయినాంక ఆయనా పాయె." ఆమె ముక్కు చీదుకుంది. "అది కోపం కాదే. అంత చేసినా నిలబడకుండా పోతివే అని ఆయనతో కొట్లాడతాంటి నేను. ఇంకెవరితో కొట్లాడేది? ఆ మాట నా కొడుకు చెవిలో ఇట్ల దిగుతాండాదని నాకు తెలియకపాయె."

ఈశ్వరి ఆమె పక్కన కూర్చుంది.

"నిన్ను నోరు నోరు అంటి," అంది ఆంజినమ్మ. "నా నోరు తిన్నాది వాన్ని."

"ఊరుకో అత్తా."

"నువ్వు నన్ను ఒక్క మాటన్నా తిట్టు. తిట్టవే."

ఈశ్వరి తిట్టలేదు. ఓదార్చనూ లేదు. ఆమెకూ అంత శక్తి లేదు. అత్త పళ్ళెంలోని అన్నం తనే కలిపి ఒక ముద్ద చేసి చేతిలో పెట్టింది. ఆంజినమ్మ ఆ ముద్దను చాలాసేపు అలాగే పట్టుకుని, ఏడుస్తూనే తిన్నది. లోపల్నుంచి జయంతి వచ్చి తల్లి వెనక నిలబడి, ఆమె భుజం మీద గడ్డం ఆనించింది. "అమ్మా, ఆ పొద్దు నేను అట్ల అనకుండా ఉండాల్సింది," అంది. ఈశ్వరి చెయ్యి వెనక్కి పెట్టి కూతురి తల నిమిరింది.

*

అప్పీలు పెట్టలేదు. పెట్టడానికి ఏమీ లేదు. నిజం కంపెనీ వైపే ఉంది. ఇల్లు అమ్ముదామని ఆంజినమ్మ రెండు రోజులు పట్టుబట్టింది. చూడ్డానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి చెప్పిన ధర ఆపరేషన్ ఖర్చులో నాలుగోవంతుకు కూడా రాదు. ఆమె కిడ్నీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, దాన్ని తీసుకునే దారి లేదు. ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

శుక్రవారం సర్కారు ఆసుపత్రి నుంచి జయంతికి ఫోన్ వచ్చింది. డయాలసిస్‌కు ఒక ఖాళీ వచ్చింది, రేపు పొద్దున ఏడింటికల్లా రావాలన్నారు. ఖాళీ ఎలా వచ్చిందో జయంతి అడగలేదు. అడగనవసరం లేకుండానే అందరికీ తెలిసింది.

శనివారం తెల్లవారగానే ఈశ్వరి, గంగాధర్ బస్సెక్కారు. అతను ముందు సీటు కడ్డీ పట్టుకుని ఎగశ్వాసతో కూర్చున్నాడు. కాళ్ళు చెప్పుల్లో పట్టక పాత లుంగీ గుడ్డ చుట్టుకున్నాడు. అతని చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని ఈశ్వరి కిటికీలోంచి చూస్తోంది. ఊరు దాటింది.

"ఈశ్వరీ," అన్నాడు.

"ఊఁ."

"ఛాతీలో చానా బరువుగా ఉండాది."

ఆమె అతని వైపు తిరిగింది. ఈ నాలుగేళ్ళలో ఆ మనిషి తన బాధ తనంతట తాను చెప్పడం అదే మొదటిసారి.

"ఇంకా?"

"రాత్రుల్లో పండుకుంటే నీళ్ళల్లో మునిగిపోయినట్టుంటాది. కండ్లు మూయాలంటే భయం."

"ఇంకా చెప్పు."

బస్సు కుదుపుకు గంగాధర్ తల ఆమె భుజానికి తగిలింది. తీయలేదు.

"నాకు బతకాలనుండాదే," అన్నాడు చిన్నపిల్లవాడిలా. "చానా బతకాలనుండాది."

బతుకుతావులే అని అబద్ధం చెప్పడానికి ఈశ్వరికి నోరు రాలేదు. అతని చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, అనంతపురం వచ్చేదాకా వదలకుండా పట్టుకుంది. అతను దారిపొడవునా, ఊపిరి అందినప్పుడల్లా, నాలుగేండ్లుగా చెప్పనిదంతా ఒక్కొక్కటే చెబుతూ పోయాడు.